అక్క నిద్ర చేసిన పూట

కామారెడ్డి స్టేషన్‌లో మా రైలు ఆగినప్పుడు ఉదయం అయిదూ పది. నాలుగు రోజుల ప్రయాణం. సరిహద్దు మీద చలి కోటు విప్పి వచ్చిన వాళ్లం, ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టగానే చెమటలు. మనిషికి ఒక రైఫిల్, ఒక కిట్ బ్యాగు, ఒక రేకు పెట్టె, ఒక బర్సాతీ. బర్సాతీ అంటే రబ్బరు పూసిన ఆకుపచ్చ గుడ్డ. ఆరడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు. వానొస్తే కప్పుకుంటాం, రాకపోతే పరుచుకుని పడుకుంటాం.

ఎన్నికల డ్యూటీ. ఇరవై నాలుగు రోజులు. స్టేషన్ బయట ఎవరో పెద్దమనిషి మా కంపెనీ కమాండర్ మెడలో దండ వేసి, పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు. ఎన్నికల సమయంలో దండలూ గిండలూ తీసుకోకూడదని ముందు రాత్రి రైల్లో మాకు నలభై నిమిషాలు క్లాసు పీకిన మనిషే మెడ వంచి వేయించుకున్నాడు.

ఊళ్లో నన్ను చూసి "సరిహద్దు ముచ్చట్లు చెప్పన్నా" అంటారు. మంచు, తూటాలు, శత్రువు. అవే కావాలి మీకు. టీ తాగుతూ వినడానికి బాగుంటాయి. నేను మాత్రం ఈ ఇరవై నాలుగు రోజుల సంగతే చెబుతాను. నా ఇరవై ఏళ్ల సర్వీసులో నాకు గుర్తున్నంతగా గుర్తున్న డ్యూటీ ఇదొక్కటే. ఇందులో ఒక్క తూటా కూడా పేలలేదు.

ముందు ఒక మాట. ఎన్నికల డ్యూటీకి ఎవరినీ సొంత జిల్లాకు పంపకూడదు. అది రూలు. నేను పుట్టింది పెద్దకొడప్‌గల్ దగ్గర. నేను ఫోర్స్‌లో చేరిన రోజున అది నిజామాబాద్ జిల్లా. తర్వాత జిల్లాలను ముక్కలు చేశారు. మా వైపంతా కామారెడ్డి జిల్లా అయింది. ఆ సంగతి దేశమంతటికీ తెలిసింది, నా సర్వీసు బుక్కుకు తప్ప. మా హెడ్‌క్వార్టర్‌లో ఒక మహానుభావుడు ఆ బుక్కు తెరిచి, నిజామాబాద్ పోయే కంపెనీలో నా పేరు చూసి, "సొంత జిల్లా" అని ఎర్ర సిరాతో కొట్టేసి, కామారెడ్డి పోయే కంపెనీలో వేశాడు. రూలును అంత శ్రద్ధగా పాటించి, నన్ను తెచ్చి నా ఇంటి ముందు దింపాడు.

నేను నోరు మూసుకున్నాను. ఎందుకంటే బీర్కూర్‌లో మా అక్క ఉంది.

అక్క నాకంటే పన్నెండేళ్లు పెద్దది. అమ్మానాన్నలు పోయాక నన్ను బడికి పంపింది, రన్నింగ్ ప్రాక్టీసుకు లేపింది, భర్తీకి పోయేటప్పుడు బస్సెక్కించింది. ఈ డ్యూటీకి ముందు ఏడాది మాఘమాసంలో మా బావ పొలం మోటరు దగ్గర కరెంటు షాక్ కొట్టి చనిపోయాడు. మా వైపు ఒక పద్ధతి ఉంది. భర్త పోయిన ఆడమనిషిని పదకొండో రోజు దాటాక తల్లిగారింటి వాళ్లు వచ్చి తీసుకుపోయి, తమ ఇంట్లో ఒక నిద్ర చేయిస్తారు. కొత్త చీర పెడతారు. ఆ నిద్ర అయ్యేదాకా ఆమె ఇంకొకరి గడప తొక్కదు. అక్కకు తల్లిగారిల్లు అంటే నేనే. తోడబుట్టినవాళ్లు ఇంకెవరూ లేరు.

నేను పోలేదు. "లీవు ఇయ్యలేదక్కా" అని ఫోన్లో చెప్పాను.

అది అబద్ధం. నేను లీవు అడగనే లేదు. అప్పుడు నా ప్రమోషన్ కోర్సు నడుస్తోంది. ఆరు వారాలు. మధ్యలో పోతే కోర్సు పోతుంది, నాకంటే జూనియర్లు హవల్దార్లు అవుతారు. చేతి మీద ఇంకో గీత కోసం అక్కను గడప లోపల కూర్చోబెట్టాను. ఆ తర్వాత మూడుసార్లు నిజంగానే అడిగాను. మూడుసార్లూ నిజంగానే ఇవ్వలేదు. అట్లా పద్నాలుగు నెలలు గడిచాయి. ఆ పద్నాలుగు నెలలూ అక్క ఎవరింటికీ పోలేదు. పెద్దనాన్న కొడుకులు తీసుకుపోతామంటే, "నా తమ్ముడు వస్తడు" అని తిప్పి పంపింది. కిరాణా దుకాణం ముందు రోడ్డు మీద నిలబడి ఉప్పూ పప్పూ అడిగేది. చేసిన బీడీలు కార్ఖానా వాకిట్లోనే ఇచ్చేది. బ్యాంకుకు కూడా గడప ఉంటుందని లోపలికి పోలేదు.

మా బస ఎల్లారెడ్డిలో ఒక ఫంక్షన్ హాల్. పెళ్లిళ్లు జరిగే చోటు. స్టేజీ మీద పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూర్చునే ఎర్ర మఖమల్ సింహాసనాలు రెండు ఉన్నాయి. ఒకదాంట్లో కమాండర్ కూర్చున్నాడు. రెండోదాంట్లో ఆయన ల్యాప్‌టాప్. పక్కనే ప్లాస్టిక్ పూల తోరణం. ఇరవై నాలుగు రోజులూ మాకు ఆర్డర్లు అక్కణ్ణించే వచ్చాయి. మేమంతా కింద బండల మీద, బర్సాతీలు పరుచుకుని పడుకునేవాళ్లం. రేడియో ఆపరేటర్ సెట్టును వంటగదిలో, బిర్యానీ గిన్నెల పక్కన పెట్టుకున్నాడు. అతనిది హిమాచల్. కొండల మనిషి. ఆ ఎండకు మూడో రోజే మూతి పగిలింది.

నాకిచ్చిన పని చెక్‌పోస్ట్. ఊరికి అవతల కామారెడ్డి రోడ్డు మీద. నలుగురు జవాన్లు, ఇద్దరు లోకల్ పోలీసులు, ఒక టెంటు, రెండు బారికేడ్లు. పన్నెండు గంటల షిఫ్టు. ఎండ నలభై రెండు. పెద్ద పెద్ద కార్లు పదేసి వరుసగా వస్తే పోలీసాయన సెల్యూట్ కొట్టి బారికేడ్ జరిపేవాడు. ఆ కార్లను ఆపొద్దని మాకు నోటి మాటగా చెప్పారు. మేం ఆపింది ఎవరిని? పాల డబ్బాల వాళ్లను. కూలి పనికి పోయే ఆడవాళ్ల టిఫిన్ బాక్సులను. ఒకామె గంపలో బీడీ కట్టలు ఉంటే అన్నీ కింద పోయించి లెక్క పెట్టించాను. అవి మళ్లీ సర్దుకోవడానికి ఆమెకు ముప్పావు గంట పట్టింది. నేను గడియారం చూశాను, అందుకే చెబుతున్నాను. ప్రజాస్వామ్యాన్ని అట్లా కాపాడాం.

బారికేడ్లు పెట్టింది సరిగ్గా ఒక పంక్చర్ షాపు ముందు. షాపు అంటే నాలుగు కట్టెలు, పైన తాటిపత్రి, ఒక గాలి మిషను. యజమాని పేరు ఏలియా. యాభై దాటిన మనిషి, బక్కపలచన. తలకు తువ్వాలు. మేం వచ్చిన రోజు నుంచి అతని షాపు దగ్గర ఒక్క బండి ఆగలేదు. తుపాకుల ముందు పంక్చర్ వేయించుకునే ధైర్యం ఎవరికుంటుంది? మొదటి రోజు వచ్చి, "సారూ, జర పక్కకు జరుపుతరా?" అని అడిగాడు. "ఆర్డర్" అన్నాను. ఆ ఒక్క మాటతో వాదన ముగిసింది. రెండో రోజు కుండలో మజ్జిగ తెచ్చాడు. స్థానికుల దగ్గర ఏమీ తీసుకోకూడదని రూలు. వద్దన్నాను. పార్టీల మనుషులు ఇట్లాగే మనల్ని మంచి చేసుకుంటారని టెంటులోని సెట్టులో రేడియో ఆపరేటర్‌తో అన్నాను కూడా. ఆ మాట అతనికి వినబడే ఉంటుంది. అయినా కుండను టెంటు నీడలో పెట్టి వెళ్లిపోయాడు. మా పోలీసులు తాగారు.

పన్నెండో రోజు, గురువారం, సాయంత్రం నాలుగింటికి అక్క ఫోన్ చేసింది. నేను టెంటు వెనక్కి పోయి, రోడ్డు చప్పుడుకు వినబడక స్పీకర్ పెట్టి మాట్లాడాను. అప్పటికి నేను జిల్లాలోనే ఉన్నానని అక్కకు తెలియదు. చెప్పే ధైర్యం నాకు రాలేదు.

"తమ్మీ, లావణ్య బిడ్డకు ఐతారం తొట్టెల" అంది. లావణ్య అక్క కూతురు. భిక్నూర్‌లో ఇచ్చారు. రెండో కాన్పు అక్కడే అయింది. ఇరవై ఒకటో రోజున, ఆదివారం, బిడ్డను తొట్టెలలో వేసే పండుగ.

"మంచిదే కదక్కా."

"మంచిదే. పోత. వాకిట్ల నిలవడి చూసొస్త."

"లోపలికి పోవచ్చు గదక్కా. గివన్ని ఎవలు చూస్తున్నరిప్పుడు?"

"ఎవలు చూడకున్నా నేను చూస్త గద." అంది అక్క. "నీకు లీవు ఇయ్యనోని ఇల్లు కూల. ఆ ఆఫీసరు పెండ్లాం పిల్లలు వానికి మొఖం చూపెట్టకపోవాలె. రోజు దీపం పెట్టంగనే అదే అనుకుంట."

ఫోన్ పెట్టి తిరిగితే ఏలియా నిలబడి ఉన్నాడు. చేతిలో ట్యూబు. విన్నాడు. అంతకంటే ముఖ్యంగా, నేను మాట్లాడిన తెలుగు విన్నాడు.

"మీది గీ దిక్కేనా అన్నా?" అన్నాడు. అప్పటిదాకా నేను సారును. ఆ నిమిషం నుంచి అన్నను.

నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

"అక్కకు నిద్ర కాలేదా?"

"నీకెందుకు?" అన్నాను.

"మా తాన గివి లేవు. మేము చర్చికి పోతం. అయితే మా ఆడామె తల్లిగారోళ్లు మీ పద్ధతోళ్లే. గామెకు తెలుసు గీ పట్టింపు. గడప లోపట గట్ల పడుండుడు శాన కష్టమని చెప్తది." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఎంత దూరమే?"

"బీర్కూర్."

"ఐతారం లోపల వోవాలె గద. నా బండి తీస్కపో. ట్యాంకు నిండ పోయిస్త. పొద్దుగూకె వరకు ఇయ్యి, సాలు." జేబులోంచి తాళం తీసి టెంటు కొయ్యకు తగిలించాడు. "మీకు లీవులియ్యరాయె పాపం. దేశం కోసం గీ ఎండల నిలవడి సొంత అక్కను సూడలేకపోతిరి."

నాకు ఒళ్లు మండింది. ఆ మనిషి మీద కాదు, ఆ "పాపం" మీద. నా వల్ల పన్నెండు రోజులుగా పనిలేక కూర్చున్నవాడు నా మీద జాలి పడుతున్నాడు. ఆ జాలి కూడా నా అబద్ధం మీద నిలబడి ఉంది. తాళం తీసి వెనక్కి విసిరేద్దామనుకున్నాను. తీసుకుని జేబులో వేసుకున్నాను.

మర్నాడు శుక్రవారం నాకు రెస్టు. పొద్దున ఎనిమిదిన్నరకు స్టేజీ ముందు నిలబడి పాస్ అడిగాను. తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా, ఎల్లారెడ్డి మార్కెట్ వరకు. కమాండర్ సింహాసనంలో కూర్చుని ఫోన్లో తన దండ ఫోటో చూసుకుంటున్నాడు. తల ఎత్తకుండానే సంతకం పెట్టాడు. నేను చంద్రమండలానికి పాస్ అడిగినా పెట్టేవాడు. కమాండర్ అంటే మీకు సినిమాల్లో మీసాలు కనబడతాయి. నాకు ఆ మఖమల్ కనబడుతుంది.

వంటగదిలో రేడియో ఆపరేటర్‌కు ఒక్కడికే నిజం చెప్పాను. మేం మాట్లాడుకునేది హిందీలో.

"మార్కెట్లో కనబడలేదని చెక్ వస్తే ఏం చెప్పాలి?" అన్నాడు.

"కడుపు నొప్పి, తిరిగొచ్చి లెట్రిన్‌లో ఉన్నానని చెప్పు."

"తొమ్మిది గంటలు లెట్రిన్‌లోనా?"

"ఫంక్షన్ హాల్ భోజనం మీద వేసేయ్."

పగిలిన మూతితో నవ్వలేక నవ్వాడు. "ఆరింటికి నా సెట్టులో నీ గొంతు వినబడాలి, తెలుగు. లేకపోతే నేను కూడా నీ పక్కనే నిలబడాలి." నన్ను పేరు పెట్టి వాళ్లెవరూ పిలవలేదు. ఇరవై ఏళ్లూ నేను "తెలుగు"నే.

బజారులో ఒక చీర తీసుకున్నాను. ఆకుపచ్చది తీసి, పెట్టేసి, బూడిదరంగు మీద సన్న అంచున్నది తీశాను. ఏలియా షాపు దగ్గర బండి కడిగి పెట్టి ఉంది. వెనక సీటు చిరిగి స్పాంజి బయటికి వచ్చింది. నా బర్సాతీ నాలుగు మడతలు పెట్టి దాని మీద తాడుతో కట్టాను, అక్క కూర్చోవడానికి. ఏలియా భార్య ఒక మూట ఇచ్చింది. జొన్న రొట్టెలు, వంకాయ కూర.

"తల్లిగారింటోళ్లు ఉత్త చేతులతోని పోతరా?" అంది. నా మొహం కేసి చూడకుండా, కట్టిన తాడు లాగి చూసి, మళ్లీ గట్టిగా ముడి వేసింది.

తొమ్మిదీ పదికి బయలుదేరాను. బండి మీటరు పనిచేయదు, కాబట్టి దూరం చెప్పను. టైము చెబుతాను. నిజాంసాగర్ దాటేసరికి తొమ్మిదీ యాభై. బాన్సువాడ పదిన్నర. అక్కణ్ణించి రోడ్డుకు సగం దాకా వడ్లు ఎండబోశారు. యాసంగి కోతలు. వడ్ల పక్కన మంచాలు, మంచాల కింద కుక్కలు. కొనుగోలు కేంద్రం ముందు బస్తాల వరుస, బస్తాల మీద తువ్వాలు కప్పుకుని రైతులు. రోడ్డు ఎవడి అబ్బ సొమ్ము అని తిట్టుకుంటూ బండి సందుల్లోంచి నడిపాను. ఇది రాస్తున్నప్పుడు తెలుస్తోంది, ఆ దారిలో నేను తిట్టని మనిషి లేడు. రైతుల్ని తిట్టాను, కమాండర్‌ను తిట్టాను, ఏలియాను తిట్టాను. తిట్టాల్సిన ఒక్కణ్ణి వదిలేశాను.

బీర్కూర్‌లో పదీ యాభై అయిదు. అక్క అరుగు మీద కూర్చుని ఉంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, పొగాకు, దారం. యూనిఫాం చూసి ఎవరో పోలీసనుకుంది. హెల్మెట్ తీశాను. చేతిలోని బీడీకి దారం చుట్టడం పూర్తి చేసింది. పళ్లతో కొరికి తెంపింది. దాన్ని కట్టలో పెట్టింది. అప్పుడు లేచింది.

"ఎంత సేపుంటవ్?"

"ఆరింటికి ఎల్లారెడ్డిల ఉండాలె."

"ఎల్లారెడ్డిలనా?" అంది. "ఎన్ని రోజులాయె అచ్చి?"

"పన్నెండు."

ఆ పన్నెండును అక్క మింగింది. మీరయితే అరిచేవారు. అక్క లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది.

"నిద్రకు తీస్కపోతందుకు అచ్చిన" అన్నాను.

"ఏడికి?"

దారంతా ఇతరులను తిట్టే పనిలో ఆ ఒక్క సంగతి ఆలోచించలేదు. పెద్దకొడప్‌గల్ దగ్గర మా ఇల్లు మూడేళ్ల కింద వానకు కూలింది. ఆ జాగాలో పక్కింటి వాళ్ల బర్రెను కడుతున్నారు. బాన్సువాడలో లాడ్జి ఉందన్నాను.

"లాడ్జిల నిద్ర చేపిస్తవా?" అంది అక్క. ఆ చూపు ముందు కమాండర్ అయినా లేచి నిలబడేవాడు. "నువ్వేడ పంటవ్?"

"ఫంక్షన్ హాల్‌ల."

"మంచం ఉన్నదా?"

"లేదు. కింద. గిది పరుసుకొని." బండి వెనక కట్టిన బర్సాతీ చూపించాను.

అక్క అరుగు దిగి వచ్చింది. బర్సాతీని వేలితో తట్టి చూసింది. మడత ఎత్తి వాసన చూసింది.

"ఎన్నేండ్లాయె దీని మీద పనవట్టి?"

"పదకొండు."

"అయితే గిదే నీ ఇల్లు. పా."

చెప్పాను కదా, అక్కే నన్ను బడికి పంపింది. ఎక్కడ తలుపు లేదో అక్కడ దారి చూసే తెలివి నాకు కాదు, ఆమెకుంది. చీర మార్చుకోలేదు, నిద్ర లేచాకే కట్టాలంది. చాటను ఇంట్లో పెట్టి తాళం వేసింది. బండెక్కాక ఒకటే కోరింది.

"నిజాంసాగర్ చూపెట్టు. ఆ నీళ్లతోని ముప్పై ఏండ్లసంది నాట్లేస్తున్న. ఆ కట్ట ఎట్లుంటదో చూడలె."

పన్నెండుకు బయలుదేరితే ఒకటీ పదికి కట్ట దగ్గర ఉన్నాం. దారంతా అక్క నా భుజం పట్టుకుంది. వడ్ల కుప్పలు వచ్చిన చోటల్లా "మెల్లగ" అనేది, అంతే. వడ్ల మీద చక్రం పోనివ్వలేదు.

నీళ్లు అడుక్కు దిగి ఉన్నాయి. గేట్ల కింద బండలు తేలి ఉన్నాయి. అక్క కట్ట మీద నిలబడి కొంగు తల మీద వేసుకుని, అటు చివర నుంచి ఇటు చివర దాకా చూసింది. "గింతేనా?" అంటుందనుకున్నాను. "గింతున్నదా!" అంది. నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న ఒక జంట ఫోటోలు దిగుతూ, నా యూనిఫాం చూసి "జై జవాన్" అని చెయ్యి ఊపారు. వాళ్లకు చెయ్యి ఊపలేదు.

కట్ట దిగితే ఒక వేప చెట్టు. నీడ పలచగా ఉంది కానీ ఉంది. రొట్టెలు తిన్నాం. అక్క వంకాయ కూర రుచి చూసి, "ఎవలు చేసిన్రు?" అని అడిగింది. పంక్చర్ షాపు ఏలియా సంగతి చెప్పాను. బారికేడ్ సంగతి, మజ్జిగ కుండ సంగతి, అన్నీ. "ఆయన కడుపు చల్లగుండ" అంది. తర్వాత చెట్టు కింద ఎండుటాకులు చేత్తో ఊడ్చింది. నేను బర్సాతీ విప్పి పరిచాను. మూలలకు నాలుగు రాళ్లు పెట్టాను.

అక్క బర్సాతీ అంచు దగ్గర ఆగింది. చెప్పులు విడిచింది. రెండూ జంటగా, మడమలు లోపలికి పెట్టి, అంచుకు జానెడు బయట పెట్టింది. ఇంట్లోకి పోయేటప్పుడు ఎట్లా విడుస్తారో అట్లా. కుడికాలు పెట్టి లోపలికి వచ్చింది. కూర్చుంది.

"ఇగ అయిపాయె" అంది. "ఐతారం లోపలికి పోత. మనుమరాలిని ఎత్తుకుంట. నా తమ్మునికి లీవు ఇయ్యని ఆ ఆఫీసరు గడప మీద..."

"అక్కా" అన్నాను. "లీవు ఇయ్యకపోవుడు కాదు. నేను అడగలె."

అప్పుడు ఒకటీ నలభై. చెట్టు మీద ఏదో పిట్ట ఉంది, అది కూడా ఆగింది అనను, అరుస్తూనే ఉంది. కోర్సు సంగతి చెప్పాను. గీత సంగతి చెప్పాను. చేతి మీది ఆ గీత చూపించాను కూడా, ఎందుకు చూపించానో నాకు తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాను.

అక్క నీళ్ల దిక్కు చూసింది.

"అయితే పద్నాలుగు నెలలు ఆ ఆఫీసరును ఉత్తగనే తిట్టిన్నా?" అంది. "ఆయనకు పిల్లలున్నరా?"

"ఇద్దరు."

"అయ్యో."

అంతే. ఆ "అయ్యో" ఎవరో ముక్కూ మొహం తెలియని ఆఫీసరు పిల్లల కోసం. నాకు కాదు. నేను బర్సాతీ మీదికి, ఆమె పక్కకు, ఒక అడుగు వేయబోయాను.

"ఆగు" అంది. "నువ్వు లోపలికి రాకు. గిది నా తల్లిగారిల్లు. నేను నిద్ర చేయాలె. తిట్టుడు లేసినంక." కొంగు తల కింద చుట్టుకుంది. "నీకు కావలి కాసుడు వస్తది గద. కాయి."

పక్కకు తిరిగి పడుకుంది. రెండు నిమిషాల్లో నిద్రపోయింది.

నేను నిలబడ్డాను. బర్సాతీకి బయట, ఎండలో. నీడంతా ఆమెకే సరిపోయింది. కావలి అంటే ఇరవై ఏళ్లలో ఎన్ని రాత్రులు, ఎన్ని శిఖరాలు. దేనికి కాశానో ఏనాడూ నాకు ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు. ఆ పూట నాకు తెలుసు. కోతులు రెండు మూట కోసం వస్తే రాయి విసిరాను. ఒక కుక్క వచ్చి చెప్పులు వాసన చూస్తే అదిలించాను. గంటా పది నిమిషాలు. కళ్ల నుంచి నీళ్లు కారాయి. ఎండ వల్ల అని రిపోర్టు రాయవచ్చు, కానీ ఎండ వల్ల కాదు.

రెండూ యాభై అయిదుకు అక్క లేచింది. కట్ట మీది గదుల చాటుకు పోయి కొత్త చీర కట్టుకుని వచ్చింది. నేను తిట్ల కోసం తల వంచుకుని నిలబడ్డాను.

"పా, నీకు ఆలస్యమైతది" అంది.

బీర్కూర్‌లో దించేసరికి నాలుగూ అయిదు. ఇంటికి పోకుండా ముందు ఎదురింటికి పోయింది. ఆ ఇంటి గడప దాటి లోపలికి పోయి, "ఇంత చాయ్ పొయ్యి పిల్లా, నిద్ర చేసొచ్చిన" అనడం బండి మీదున్న నాకు వినబడింది. లోపల ఎవరో ఆడమనిషి గట్టిగా ఏడ్చింది. అక్క కాదు. నేను బండి తిప్పాను.

అయిదూ నలభై అయిదుకు ఏలియా షాపు. నిలబడి ఉన్నాడు. బండి కన్నా ముందు నా మొహం చూశాడు.

"నిద్రాయెనా?"

"అయింది." తాళం చేతికిచ్చాను. ఆ మనిషికి కూడా బాకీ ఉంచుకోదలచలేదు. "అన్నా, లీవు ఇయ్యకపోవుడు కాదు. నేనే అడగలే అప్పుడు. నువ్వు ఉత్తగ పాపమన్నవ్."

ఏలియా వెనక టైరు నొక్కి చూశాడు. "గాలి తక్కువున్నది" అన్నాడు. "నేను బండి ఇచ్చింది నీకు కాదన్నా. గామెకు."

ఆరింటికి టెంటులోని సెట్టు ముందు నిలబడ్డాను. "తెలుగు ప్రెజెంట్, ఓవర్." వంటగదిలోంచి రేడియో ఆపరేటర్ జవాబు, "కడుపు ఎట్లుంది, ఓవర్?" "ఖాళీ అయింది, ఓవర్." మర్నాడు డ్యూటీ ఎక్కగానే బారికేడ్లను షాపు దాటించి నలభై అడుగులు అవతలకు జరిపించాను. మొదటి చోట రోడ్డు కుంగిందని రిపోర్టు రాశాను. అబద్ధం రాయడం నాకు బాగా వచ్చు, ఈసారి పనికొచ్చింది. మధ్యాహ్నానికి ఏలియా దగ్గర ఒక ట్రాక్టరు ఆగింది. కుండ మజ్జిగ మళ్లీ వచ్చింది. తాగాను.

ఆదివారం రాత్రి అక్క ఫోన్ చేసింది. "పోయిన. ఎత్తుకున్న. నీ లెక్కనే ముక్కు" అంది. పెట్టేసింది.

ఇరవై నాలుగో రోజు కామారెడ్డిలో రైలెక్కాం. ఎన్నికలు ప్రశాంతంగా జరిగాయని పేపర్లో వచ్చింది. అందులో మా కమాండర్ ఫోటో ఉంది. ఏడాదిన్నర తర్వాత రిటైరయ్యాను. ఇప్పుడు కామారెడ్డిలో ఉంటున్నాను. నెలకు రెండుసార్లు బీర్కూర్ పోతాను. అక్క అన్నం పెడుతుంది, నవ్వుతుంది, మనుమరాలి ముచ్చట్లు చెబుతుంది. లేచాక తిడతానన్న తిట్లు మాత్రం ఇప్పటిదాకా తిట్టలేదు. అడుగుదామని ప్రతిసారీ పోతాను, అడగకుండా వస్తాను. అడగకపోవడం నాకు మొదటి నుంచీ ఉన్న రోగమే.

రిటైరయ్యేటప్పుడు అన్నీ స్టోరులో అప్పజెప్పాను, బర్సాతీ తప్ప. పోయిందని రాసిచ్చాను. అది ఇప్పుడు నా మంచం కింద మడతపెట్టి ఉంది. టీ కొట్టు దగ్గర మీరు సరిహద్దు గురించి అడిగినప్పుడు నేను మాట్లాడకుండా గ్లాసు చూస్తూ కూర్చుంటానని, పొగరని అనుకుంటారట. అనుకోండి. నాకు కనబడేది సరిహద్దు కాదు. వేప చెట్టు కింద ఆకుపచ్చ గుడ్డ, దాని అంచుకు జానెడు బయట అరిగిపోయిన రెండు చెప్పులు, మడమలు లోపలికి. వాటి పక్కన బయట నిలబడి నేను.